బొంత కడుపులో పేరు

మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించి, మునిలక్ష్మమ్మ తిన్నె మీద చాప పరిచిందంటే వీధికంతా తెలిసిపోయేది: వాళ్ళ చుట్టాల్లో ఎవరికో నెలలు నిండినాయి, లేకపోతే ఎవరికో పెండ్లి కుదిరింది. ఆమె చేత్తో కుట్టిన బొంత లేకుండా ఆ ఇంట్లో ఏ శుభమూ జరిగింది లేదు. అంగట్లో రగ్గు కొనుక్కొచ్చి కానుకగా పెట్టేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "దాంట్లో ఏముండాదప్పా, దూది. దూదికి మన ఇంటోళ్ళు ఎవురో తెలుస్తాదా?" అని మొహానే అడిగేసేది. ఆ నోటికి మూత లేదు.

కృష్ణగిరిలో పెద్దరోడ్డుకు రెండు వీధులు లోపలగా ఉంటుంది ఆ ఇల్లు. పెద్దకొడుకు చంద్రు హోసూరు కంపెనీకి పనివాళ్ళను తీసుకుపోయే వ్యాను తోలతాడు. చిన్నకొడుకు ఉదయ్ కుమార్ మామిడి మండీలో ఉంటాడు. కూతురు ప్రతిభను హోసూరులోనే ఇచ్చినారు. ఇంటిపని, వంటపని, నీళ్ళపని పెద్దకోడలు రంజితది. బొంత పని మాత్రం మునిలక్ష్మమ్మది. దాన్ని ఎవరినీ తాకనిచ్చేది కాదు, నేర్పించమంటే మాత్రం నేర్పించేది.

పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ చుట్టూ కుట్టుకుంటా నడిమికి రావాల. నడిమిలో అరచెయ్యి పట్టేంత చోటు వదిలి, అందులో చిటికెడు బియ్యం, ఒక పసుపుకొమ్ము పెట్టి, బొంత ఎవరి కోసమో వాళ్ళ పేరు లోపలికి వినబడేటట్టు చెప్పి మూసెయ్యాల. దీన్ని బొంతకు కడుపు నింపేది అంటారు. కడుపు నింపని బొంత కప్పుకున్నా ఒకటే, గోనెపట్టా కప్పుకున్నా ఒకటే.

కడుపు నిండినాక మాత్రం, ఎవరి చీరతో కుట్టినారో వాళ్ళ నిద్ర ఆ బొంతలోకి వచ్చేస్తుంది. లోపల ఎవరి పేరు చెప్పినారో వాళ్ళకే అది దక్కుతుంది, వేరేవాళ్ళు కప్పుకుంటే ఒట్టి బట్ట. ఎవరికి వాళ్ళు కుట్టుకున్నా ఒట్టి బట్టే, ఇంకొక చెయ్యి ప్రేమగా కుట్టి ఇయ్యాల. నిద్రతోబాటు కలలు కూడా వస్తాయి, అవి వేరుగా ఎట్లా ఉంటాయి? చీర ఇచ్చినామెకు మాత్రం ఆ మేరకు నిద్ర తరిగిపోతుంది. కుట్లు విప్పితే మళ్ళీ ఆమెది ఆమెకు. ఇదంతా ఆ ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే సంగతి కాదు. పాలు తోడేస్తే పెరుగవుతుందని ఎవరన్నా చెప్తారా?

అందుకే ముందునుంచీ చచ్చిపోయినవాళ్ళ చీరలే వాడేవాళ్ళు. వాళ్ళ నిద్రకు కొరతా లేదు, అడిగేవాళ్ళూ లేరు. మునిలక్ష్మమ్మ తన అత్త చీరలను ఎంతో పొదుపుగా ఏండ్ల తరబడి వాడుకొచ్చింది. ఆఖరి చీర రంజిత కొడుకు యోగేష్ పుట్టినప్పుడు అయిపోయింది. ఆ మరుసటి యేడే ప్రతిభకు బిడ్డ పుట్టింది. పుట్టినప్పటి నుంచి ఒకటే ఏడుపు. హోసూరు నుంచి పొద్దున ఒక ఫోను, సాయంత్రం ఒక ఫోను.

రంజిత నిద్ర ఆ వీధికంతా వేళాకోళం. కావేరిపట్టణం నుంచి కోడలుగా వచ్చిన కొత్తలో, పక్కింట్లో పెండ్లి బ్యాండు వాయిస్తా ఉంటే కిటికీ కింద పండుకొని గుర్రు పెట్టింది. అదొక్కటే ఆమె తెచ్చుకున్న ఆస్తి. తల్లి ఒక్కతే పెంచి, పెండ్లికి ముందు యేడు చచ్చిపోయింది. ఆ తల్లి రోజూ కలలోకి వచ్చేది, అందుకే రంజితకు పండుకోవడమంటే అంత ఇష్టం.

"నీకేమమ్మా, రెండు జన్మలకు సరిపడా నిద్ర మూటగట్టుకొని వచ్చినావు," అనింది మునిలక్ష్మమ్మ. "నీ బిడ్డకు మా అత్త ఆఖరి చీర పెట్టినానా లేదా? ప్రతిభ బిడ్డకు నీదొక చీర ఇయ్యి."

న్యాయమే కదా అనుకొని రంజిత సంతోషంగా ఇచ్చింది. బొంత హోసూరు పోయిన రోజునుంచి బిడ్డ ఏడిస్తే ఒట్టు. వొదిన చెయ్యి మంచిది, వొదిన మనసు మంచిది అని ఒకటే పొగడ్త. పొగడ్త విన్నాక ఊరుకుంటారా? చంద్రుకు తెల్లారకముందే బండెక్కాల, డ్రైవరుకు నిద్ర చాలకపోతే ఎట్లా, వాడికొకటి. ఉదయ్‌కు మామిడి సీజన్లో తల తిరుగుతుంది, వాడికొకటి. ఇంతమందికి కుట్టి కుట్టి ముసలామెకు నడుము పట్టేసింది, ఆమెకొకటి, అది మాత్రం ప్రతిభ వచ్చి కుట్టింది. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని పెద్దలు ఊరికే అన్నారా?

రంజితకు నిద్ర అయిపోయింది.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. సుఖం మాట దేవుడెరుగు, బండరాయి మీద పడేసినా చాలు ఒక కునుకు పడితే అనిపించేది ఆమెకు. కన్ను మూస్తే చీకటి వచ్చేది, నిద్ర రాదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది, కొడుకును బడికి సెలవు రోజు తయారు చేసి నిలబెట్టేది. ఇంట్లో అందరూ పొద్దున్నే కడిగిన మొహాలతో, నున్నగా, ఒళ్ళు విరుచుకుంటా లేచి వచ్చేవాళ్ళు. వాళ్ళను చూస్తే ఆమెకు ఏడుపు వచ్చేది.

అన్నిటికంటే పొద్దున కాపీ వేళ కష్టంగా ఉండేది.

"మీయమ్మ వచ్చినాదే రంజితా," అనేది మునిలక్ష్మమ్మ గ్లాసు చేతికి తీసుకుంటా.

రంజిత చేతిలో గరిటె ఆగిపోయేది. "ఎట్లుండాది అత్తా?"

"బాగానే ఉండాది. ఆకుపచ్చ కోక. నిన్నే అడగతా ఉండాది, నా బిడ్డ యాడ అని. పన్లో ఉండాదిలే అని చెప్పినాను. శానాసేపు కూసోని పోయినాది పాపం."

"ఇంగేమనింది?"

"ఏమో అనింది. లేస్తానే మర్చిపోయినాను. కాపీలో చక్కెర తక్కువైనాది, చూడు."

ఒకనాడు మునిలక్ష్మమ్మ చుట్టాలింటికి పోయింది. రంజిత తలుపేసి, అత్త బొంత తీసి, నడిమి కుట్లు పటపటా కత్తిరించింది. కత్తెర కింద పెట్టిందో లేదో, వంటింటి గచ్చు మీదే ఒరిగిపోయింది. అబ్బ, ఏం నిద్ర! కావేరిపట్టణం ఇల్లు కనబడింది. వాకిట్లో అమ్మ చెప్పులు విడుస్తా ఉంది. ఒక చెప్పు విడిచింది, రెండోదాని తోలువారు తగులుకొని రాలేదు, వంగి విప్పుతా ఉంది. తలెత్తితే బిడ్డను చూస్తుంది. అప్పుడే ఎవరో జుట్టు పట్టి లాగినారు.

"ఎంత తెంపు నీకు!" అత్త మధ్య దారిలోనే తిరిగి వచ్చేసింది. "కన్నతల్లి మాదిరి పెద్దదాని నిద్ర దొంగిలిస్తావా?"

"నాదే గదత్తా అది," అనింది రంజిత.

"ఇచ్చినాక నీదెట్ల అవుతాది?"

సాయంత్రం చంద్రు వచ్చి అరవలేదు, మెల్లగానే మాట్లాడినాడు. అదే ఇంకా ఘోరం. "ఈ పొద్దు అమ్మది విప్పినావు. రేపు నాది విప్పితే? బండి నిండా పనోళ్ళుంటారు, వాళ్ళకు ఎవురు జవాబు చెప్పేది?" ప్రతిభను పిలిపించి మళ్ళీ కడుపు నింపి బొంత మూసేసినారు. కానీ ఆ రోజు తర్వాత రంజిత తల్లి ఎవరి కలలోకీ రాలేదు. "విసిగిపోయింటాది," అనింది మునిలక్ష్మమ్మ కాపీ ఊదుకుంటా. అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట్లో నీళ్ళు వచ్చినాయంటారు. ఈ కోడలికి ఆ కాపీ గ్లాసు ముందరే వచ్చినాయి, అత్త గుండ్రాయి మాదిరి బతికి ఉండగానే.

ఆ తర్వాత ఉదయ్‌కు పెండ్లయింది. పిల్ల పేరు పవిత్ర, కల్లావి నుంచి వచ్చింది. తండ్రి లేడు. తల్లి పుష్పావతి సంతలో కూరగాయలు అమ్మి బి.కాం. దాకా చదివించింది. వచ్చిన మర్నాడే పవిత్ర వంటింట్లోకి వచ్చి, చీపురు లాక్కొని, రంజిత మొహంలోకి తొంగి చూసింది.

"ఏందక్కా నీ కండ్లు, గోరింటాకు పెట్టుకున్నట్లుండాయి? నిద్ర పట్టదా నీకు?"

ఇన్నేండ్లలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "పొయ్యి పొగ పాపా," అనింది. గ్యాసు పొయ్యికి పొగేమిటో పవిత్ర అడగలేదు.

తోడికోడళ్ళు పొత్తు కలవరంటారు. వీళ్ళు కలిసినారు. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు, బజారుకు పోయి ఒకే రంగు గాజులు వేయించుకున్నారు. చిన్నది వాగుతా ఉంటే పెద్దది వినేది. అట్లా వింటా ఉంటే నిద్రలేని ఒళ్ళు కొంచెం తేలికపడేది.

ప్రతిభకు రెండో కాన్పు అని కబురు వచ్చింది. మునిలక్ష్మమ్మ రంజితను పక్కకు పిలిచింది.

"నీ చీరల్లో ఇంగ సరుకు లేదు. చిన్నదాన్ని అడగాల. ఇప్పుడే వద్దు, కొత్త. నాలుగు నాళ్ళు పోనీ. నువ్వు నోరు జారద్దు."

రంజిత ఆ మాట విని నేరుగా మిద్దె మీదకు పోయింది. పవిత్ర బట్టలు ఆరేస్తా ఉంది. చెప్పేయాల, చీరలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసుకోమని చెప్పాల, అనుకుంటానే మెట్లెక్కింది. నిజంగానే అనుకుంది, అబద్ధం కాదు.

"పవిత్రా, నీకొక మాట..."

"ఉండక్కా, ముందు నా మాట విను. ఈ పొద్దు కూడా అత్త వచ్చి తట్టి లేపినాది! నాకు పండుకుంటే తెల్లారిందో లేదో తెలీదు. మాయమ్మ ఎప్పుడూ తిట్టేది, నిన్ను ఎత్తుకపోయినా లేవవే అని. ఎంత సిగ్గో!"

చెంప మీద దిండు మడత ఇంకా పోలేదు. కండ్లు తెల్లగా, చల్లగా ఉన్నాయి. రంజిత ఆ కండ్లనే చూసింది. లోపల కాలింది. దాచేదేముంది, అసూయే. ఎట్లాగూ తీసుకుంటారు. నేను చెప్పినా చెప్పకపోయినా, ఈ పొద్దో రేపో నవ్వుతా నవ్వుతా తీసుకుంటారు. ప్రతిభ బిడ్డకు పోయేది ఏదో ముందు నాకు రానీ. పాడుబుద్ధి అని ఆమెకూ తెలుసు. తెలిసీ మాట మార్చింది.

"ఏం లేదు పాపా. ఈ ఇంటి కోడలివి, బొంత కుట్టేది నేర్చుకోవద్దా?"

"నేర్పించక్కా!" తడిబట్ట వదిలేసి చప్పట్లు కొట్టింది పవిత్ర. "నేర్చుకుంటే మొదటిది నీకే. నీకు ఒంట్లో బాగుండదు గదా, మెత్తగా కుట్టి ఇస్తా చూడు."

అట్లా మధ్యాహ్నాలు ఇద్దరూ తిన్నె మీద కూర్చున్నారు. పవిత్ర కుట్టు మొదట్లో కోడి నడిచినట్టు పోయేది, రంజిత విప్పించి మళ్ళీ కుట్టించేది. వేలికి సూది గుచ్చుకుంటే పవిత్ర నోట్లో పెట్టుకొని నవ్వేది. మునిలక్ష్మమ్మ గడపలో నిలబడి చూసి, "పెద్దకోడలికి తెలివొచ్చినాది," అని లోపలికి పోయింది. ఏ చీరతో కుడతా ఉందో పవిత్ర చెప్పలేదు. "వెలిసిపోయిన పాడు చీరే, కానీ ముట్టుకో, ఎంత మెత్తనో!" అనింది. కాలేజీ రోజుల్లో కట్టిన చీరేమో అనుకుంది రంజిత. కడుపు నింపే రోజు పవిత్ర బొంత మీదకు వంగి, బియ్యం పెట్టి, రహస్యం చెప్పినట్టు, "రంజితక్క, మా రంజితక్క," అని పలికి మూసేసింది. ఎందుకని అడగలేదు. ఆచారమన్నారు, చేసింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని రంజిత ఆ బొంత కప్పుకొని పండుకుంది. సోమవారం పొద్దున లేచింది.

కలలో రేకుల ఇల్లు ఒకటి. గడప మీద ఒకామె చిన్నపిల్లను ముందర కూర్చోబెట్టుకొని జడ వేస్తా ఉంది. నూనె గిన్నె పక్కన ఉంది, దువ్వెన పండ్లలో పట్టుకొని ఉంది. "తల ఆడించద్దే, పాయ తప్పతాది," అంటా ఉంది. ఆ పిల్ల తిరిగి చూస్తే పవిత్ర, ముందరి పండ్లు లేని పవిత్ర. రంజిత వాకిట్లో నిలబడి చూస్తా ఉండిపోయింది, ఎవరూ ఆమెను పిలవలేదు.

లేచి కూర్చోగానే కల కొంచెం గుచ్చుకుంది. కల చీర గలామెది కదా. తనకు జడ వేయడం పవిత్ర ఎదురుగా నిలబడి ఎట్లా చూస్తుంది? అంతలో పవిత్ర ఆవులిస్తా వచ్చింది, చెంప మీద అదే దిండు మడత.

"బాగా పండుకున్నావాక్కా? అత్త కూడా లేపలే నిన్ను!"

"పాపా, ఆ చీర ఎవురిది?"

"మాయమ్మది. నావన్నీ జరీవి, గుచ్చుకుంటాయి నీకు. మాయమ్మ దాన్ని కట్టి కట్టి వెన్న చేసినాది. పెండ్లికి వచ్చేటప్పుడు అడిగి తెచ్చుకున్నాను, అమ్మ వాసన ఉంటాదని. నీకోసమైతే ఇయ్యబుద్ధి అయింది."

అప్పుడే విప్పేసి ఉండవచ్చు. కత్తెర అరచేతి దూరంలో ఉంది. కానీ ఎన్నో ఏండ్ల తర్వాత కండ్లలో మంట లేదు, పప్పులో ఉప్పు సరిగ్గా పడింది, కొడుకు మొహం స్పష్టంగా కనబడింది. కల్లావి యాడ, కృష్ణగిరి యాడ. ఒంటరామె, మధ్యాహ్నం పూట ఒక కునుకు తీసుకుంటుందిలే, అనుకుంది రంజిత. దూరంగా ఉండేవాళ్ళ కష్టం కష్టంగా కనబడదు. మునిలక్ష్మమ్మకు ఇన్నేండ్లూ పక్కనే ఉన్నది కూడా కనబడలేదు, అది వేరే విషయం.

ఫోన్లు మొదలైనాయి. "మాయమ్మకు నిద్ర పట్టలేదంటక్కా." "డాక్టరు మాత్ర ఇచ్చినాడంట, పనిచెయ్యలేదంట." "తూకంలో తప్పులు పోతా ఉండాయంట, సంతలో నవ్వతా ఉండారంట." పవిత్ర చెప్తా ఉంటే రంజిత "అయ్యో" అనేది. ఆ అయ్యో కూడా నిజమే. రోజూ పండుకొని, రోజూ ఆ గడప ముందర నిలబడి, రోజూ ఆ జడ చూసేది.

ఎండాకాలంలో పుష్పావతే వచ్చింది, మునక్కాయల కట్ట చంకన పెట్టుకొని. కండ్లు చూడగానే రంజితకు తన పాత మొహం అద్దంలో కనబడినట్లయింది. పవిత్ర నీళ్ళు తేవడానికి లోపలికి పోయింది. తీగ మీద ఆరేసిన బొంతను పుష్పావతి దగ్గరికి పోయి నిమిరింది.

"నా చీరే గదమ్మా ఇది. మా పిల్ల కుట్టినాదా? ఫరవాలేదు, కుట్లు బాగానే వేసినాది." అంచు చెంపకు ఆనించుకుంది. "నీకు నిద్ర పడతా ఉండాదంట, పవిత్ర చెప్పినాది. సంతోషం బిడ్డా. నాకే ఏమో అయినాది. నిద్ర పోతే పోనీ, పిల్ల కలలోకి వచ్చేది, అమ్మా జడెయ్యి అని. అదీ యాడా రాదు ఇప్పుడు."

నిజం రంజిత నోటి దాకా వచ్చింది. ఈ భూమి మీద ఆ బాధ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే తనే. ఒక్క మాట చాలు, ఒక్క కత్తెర వేటు చాలు. మాటను మింగేసింది.

"ఎండన పడి తిరగతా ఉండావు గదా చిన్నమ్మా, అందుకే," అనింది. "మజ్జిగ తాగు, సర్దుకుంటాది."

పుష్పావతి మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి, సాయంత్రం బస్సుకు పోయింది.

ఆషాఢంలో ఒక సంత రోజు పుష్పావతి బుట్ట ముందర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కనున్న గోనె మీదకు ఒరిగింది. చుట్టుపక్కల వాళ్ళందరికీ తెలుసు ఆమెకు నిద్ర లేదని. పాపం, ఇన్నాళ్ళకు కునుకు పట్టినాది, లేపద్దండి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎండ తగలకుండా ఎవరో గొడుగు కూడా పెట్టినారు. సంత ముగిసి, లేపుదామని చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

పవిత్ర ఏడ్చిన ఏడుపు చెప్పేది కాదు. రంజిత కూడా ఏడ్చింది, ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకొని ఏడ్చింది. ఏడ్చి, కల్లావి నుంచి తిరిగొచ్చి, పండుకుంటే ముందుకంటే గాఢంగా నిద్ర పట్టింది. చచ్చినవాళ్ళ నిద్రకు కొరత లేదు కదా. "ఇంగ ఆ బొంత వల్ల ఎవురికీ నష్టం లేదు," అనింది మునిలక్ష్మమ్మ. "నీది మంచి రాశి."

కలలో ఇప్పుడు పిల్ల లేదు. పుష్పావతి ఒక్కతే గడప మీద కూర్చొని, నూనె గిన్నె పక్కన పెట్టుకొని, దోవ చూస్తా ఉంది.

కర్మాంతరం అయినాక ఒకనాడు పవిత్ర తిండి తినకుండా మూల కూర్చుంటే మునిలక్ష్మమ్మ ఓదార్చబోయింది. ఆమె ఓదార్పు ఆమెలాగే ఉంటుంది. "మీయమ్మ యాడికి పోయినాది? రంజిత బొంతలో ఉండాది. నువ్వే గదా కుట్టి పెట్టినావు!" అని, చీర సంగతి, నిద్ర సంగతి, కల సంగతి అంతా చెప్పింది. పేరు సంగతి ఒక్కటి చెప్పలేదు.

పవిత్ర లేచి రంజిత దగ్గరికి వచ్చింది. మొహంలో రక్తం లేదు.

"నేనే చంపినాను గదక్కా మాయమ్మను."

రంజిత బియ్యం చెరుగుతా ఉంది, చేట ఆగలేదు.

"నాకు తెలీలేదక్కా. మెత్తగా ఉంటాదని..." పవిత్ర కింద కూర్చొని రంజిత పాదాలు పట్టుకుంది. "ఆ బొంత నాకియ్యక్కా. అమ్మను ఒక్కసారి చూడాల. తెలీక చేసినానని చెప్పాల."

రంజిత కంటే ముందు మునిలక్ష్మమ్మ అందుకుంది. "ఊరికే ఎట్ల ఇస్తాదమ్మా? పెద్దకోడలికీ నిద్ర కావాల గదా. నీ చీరలు ప్రతిభ కాన్పుకు ఇయ్యి, రంజిత బొంత ఇస్తాది. ఏమే?"

అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పవిత్ర చేత్తో కుట్టిన బొంత కడుపులో రంజిత పేరుంది. పవిత్రకు అది ఒట్టి బట్ట. రంజిత చేత్తో నడిమి కుట్లు విప్పి, కొత్త బియ్యం పెట్టి, పవిత్ర పేరు చెప్పి మూయడానికి అన్నం ఉడికేంత సేపు కూడా పట్టదు. ఇద్దరికీ తెలుసు. ముసలామె కండ్లు ఆర్పలేదు. రంజిత తల ఊపింది.

"నా నిద్ర నాకొద్దక్కా," అని పవిత్ర పరుగెత్తి పెట్టె తెచ్చి బోర్లించింది. "మాయమ్మది చాలు నాకు."

కట్టినవి కట్టనివి అన్నీ ఇచ్చేసింది. మునిలక్ష్మమ్మ వాటిని వేళ్ళతో నలిపి చూసి, కట్టి వెలిసిన రెంటిని ఏరుకొని, ఆ మధ్యాహ్నమే చాప పరిచింది. వారం తిరక్కుండా బొంత హోసూరు పోయింది.

పవిత్ర తన తల్లి చీర బొంత కప్పుకొని రోజూ పండుకుంది. పగలు పండుకుంది, సందెవేళ పండుకుంది. నిండా ముసుగు పెట్టుకొని, మోకాళ్ళు కడుపుకు ముడుచుకొని, కండ్లు గట్టిగా మూసుకొని ఎదురు చూసింది. చీకటి తప్ప ఏమీ రాలేదు. ఇచ్చేసిన చీరలతో తన నిద్ర కూడా హోసూరు పోయింది. రంజిత పక్కగదిలో ఒట్టి చాప మీద మేలుకొనే ఉంది, ఆమెకు అలవాటే. గోడ అవతల ఆ పిల్ల ఎన్నిసార్లు పొర్లిందో అన్నిసార్లూ వినింది. ఇప్పుడు లేచి పోయి చెప్దాం అని ప్రతిసారీ అనుకుంది. చెప్తే బొంత పోతుంది, గడప మీద కూర్చున్న ఆమె కూడా పోతుంది. ఇన్నేండ్లకు ఒక తల్లి మొహం చూడటానికి దొరికింది. ఈమెను కూడా ఇచ్చెయ్యడం రంజిత చేత కాలేదు.

ఒక మధ్యాహ్నం పవిత్ర బొంతను నాలుగు మడతలు పెట్టి తెచ్చి రంజిత చేతికిచ్చింది. కండ్లు ఎర్రగా, మొహం వాడిపోయి, వచ్చినప్పటి పిల్లేనా అనిపించేటట్టు ఉంది.

"నాకు రాలేదక్కా మాయమ్మ. నీకు వస్తాదంట గదా, నాకు రాలేదు." ఏడుపు కూడా అయిపోయింది ఆ గొంతులో. "సూది పట్టుకున్నది నేనే గదా. నామీద కోపమేమో. మొహం చూపించేదానికి కూడా ఇష్టం లేదేమో."

రంజిత బొంత అందుకుంది. పవిత్ర ఆమె మొహంలోకే చూస్తా నిలబడింది, కాదు అనమని.

"కోపముంటాదేమో పాపా," అనింది రంజిత.

పవిత్ర తల ఊపి వంటింట్లోకి పోయింది. కాసేపటికి గిన్నెలు కడిగే చప్పుడు వినబడింది.

రంజిత తలుపు దగ్గరికి వేసి, బొంత మెడదాకా లాక్కొని పండుకుంది. కన్ను మూయగానే రేకుల ఇల్లు వచ్చింది. పుష్పావతి గడప మీదే ఉంది, దువ్వెన చేతిలోనే ఉంది. దోవ చూసి చూసి ఆమె కండ్లు మసకబారినట్లున్నాయి, వాకిట్లో ఎవరో నిలబడి ఉంటే చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది.

"పవిత్రా, నువ్వేనా?"

ఇన్నాళ్ళూ దూరంగానే నిలబడిన రంజిత నాలుగడుగులు వేసి, పోయి ఆమె ముందర కూర్చొని, తన జుట్టు ముడి విప్పింది.

"ఆఁ, నేనేమ్మా," అనింది.